ఆళ్ళగడ్డలో వన్స్ మోర్

అహోబిలంలో మెట్లెన్ని ఉన్నాయని నన్ను అడక్కండి. నేను ఎక్కలేదు. మహానంది గుళ్ళో ప్రసాదం పులిహోరా, దద్దోజనమా అని మా ఎదురింటావిడ అడిగితే రెండూ పెడతారని చెప్పేశాను. ఆ ఒక్క అబద్ధానికి దేవుడు నన్ను క్షమించాలి. కార్తీకమాసం, పుణ్యక్షేత్రాలు చూసి వస్తామని ఇంట్లో చెప్పి, తెనాలి నుంచి ఇద్దరు ఆడవాళ్ళం నలభై ఆరేళ్ళ వయసులో రాయలసీమ వెళ్ళింది ఒక మగవాణ్ణి చూడడానికి. ఇప్పుడు ఇంట్లోనూ తెలిసిపోయింది కాబట్టి ధైర్యంగా రాస్తున్నాను.

రెండో ఆడది సుశీల. చిన్నప్పుడు నా పక్క బెంచీ, తర్వాత మా అన్నయ్యను చేసుకుని వదిన అయింది. వదిన అయినంత మాత్రాన నేను మర్యాద ఇవ్వలేదు, ఆమె అడగలేదు.

ఆ మగవాడి పేరు ఓబులయ్య. మాకు పదహారేళ్ళప్పుడు, అంటే యాభై మూడు ప్రాంతాల్లో, ఏటా ఒకసారి ఆళ్ళగడ్డ నుంచి ఆయన నాటక సమాజం మా ఊరు వచ్చేది. ఆయనది కృష్ణుడి వేషం. నీలం రంగు పూసుకుని, కిరీటం పెట్టుకుని, మామూలు మగవాళ్ళకు అందని ఐదో శృతిలో పద్యం ఎత్తితే మార్కెట్టులో పడుకున్న ఎద్దులు కూడా లేచి నిలబడేవని మా నాన్న అనేవాడు. ఎద్దుల సంగతి నాకు తెలియదు. సుశీల మాత్రం రెండు రోజులు అన్నం మానేసేది.

ఇప్పటి పిల్లలకు తెలియదు కాబట్టి ఒక సంగతి చెప్పాలి. పద్యం బాగుంటే జనం వన్స్ మోర్ అనాలి. అన్నాక నటుడు పాడి తీరాలి. జ్వరం ఉన్నా, గొంతు పోయినా, అవతల ధర్మరాజు వేషం వాడు విసుక్కుంటున్నా సరే. పాడకపోతే వచ్చే ఏడు ఆ ఊరికి రావడానికి మొహం చెల్లదు. తెనాలిలో వన్స్ మోర్ పడని పద్యమంటే ఉప్పు పడని పప్పే. కానీ అరిచే హక్కు మగవాళ్ళది. మేము తడిక వెనక చాప మీద కూర్చుని, చప్పట్లు కూడా కొంగు చాటున కొట్టేవాళ్ళం. ఒకసారి ఉండబట్టలేక నేను నోరు తెరిచాను. 'వ' అనే అక్షరం బయటికి వచ్చేలోపు మా అమ్మ అరచెయ్యి వచ్చి నా నోటి మీద పడింది. మిగతా మాట ముప్పై ఏళ్ళుగా నా గొంతులోనే ఉండిపోయింది.

మొన్న అట్లతద్ది వెళ్ళాక పేపర్లో ఒక మూల చిన్న వార్త చూశాను. ఆళ్ళగడ్డలో ఆదివారం ఉదయం వయోవృద్ధ నటుడు ఓబులయ్యకు సన్మానమనీ, ఆ సందర్భంగా ఆయన ఒక పద్యం పాడతారనీ. సుశీలకు చూపించాను. చదివి, కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చదివింది. వయోవృద్ధుడేమిటి, ఇంకెవరో అయి ఉంటారు అంది. ఆ సాయంత్రమే మా ఇద్దరికీ భక్తి పుట్టుకొచ్చింది.

నల్లమలలో లెక్కలు

గుంటూరు నుంచి నంద్యాలకు చిన్న రైలు. గిద్దలూరు దాటాక అడవిలోకి దూరుతుంది, సొరంగంలో పొగంతా పెట్టెలోకి వస్తుంది. నేను కిటికీ వేయడం మరిచిపోయాను. బయటికి వచ్చేసరికి ఇద్దరి మొహాలూ వేషం కట్టినట్టు తయారయ్యాయి. ఎదుటి సీటు పెద్దాయన తన కండువా తడిపి ఇచ్చి, తుడుచుకోండమ్మా, అందరూ ఒక్కసారి ఇట్లయినోళ్ళే అన్నాడు. మా వైపు అయితే ముందు నవ్వి, తర్వాత సలహా ఇచ్చి, ఆఖరికి ఊరూ పేరూ అడుగుతారు. ఈయన అడగలేదు. కండువా మాత్రం మసిబారింది.

ఒక చిన్న స్టేషన్‌లో సీతాఫలాలు అమ్మకానికి వచ్చాయి. మోదుగాకుల గంపలో, రెండు రూపాయలకు పది. ఇరవై కొన్నాం. తింటూ గింజలు కిటికీలోంచి ఊస్తూ ఓబులయ్య వయసు లెక్కవేశాం.

అప్పట్లో పాతికేళ్ళు ఉంటాయనుకుందాం అంది సుశీల. పాతికా ముప్పై, యాభై అయిదు. యాభై అయిదంటే మా అన్నయ్య కంటే రెండేళ్ళే పెద్ద. ఫరవాలేదు అనుకున్నాం. నేను వాదన పెట్టుకుని ఇరవై ఏడు చేశాను. సుశీల ఒప్పుకోలేదు. ఆ మీసం ఇరవై ఏడేళ్ళ మీసం కాదంది. అది అతికించిన మీసమే అని ఆమెకు గుర్తు చేయాల్సి వచ్చింది.

నంద్యాలలో కరుణమ్మ పెట్టిన రొట్టె

నంద్యాలలో మేము దిగింది కరుణమ్మ ఇంట్లో. టీచరు ట్రైనింగులో నా గదిలో ఉండేది, ఇప్పుడు మిషను స్కూల్లో పంతులమ్మ. ఆమె నాన్న కూడా అక్కడే పని చేసి పోయారు. ఇల్లు స్కూలు గోడకు ఆనుకునే. గోడ మీద యేసుప్రభువు పటం, పక్కన ఆమె నాన్న ఫొటో, కింద కుట్టు మిషను.

పొద్దున ఉగ్గాణి పెట్టింది. బొరుగులు నానబెట్టి పిండి, పోపు వేసి, పుట్నాల పొడి చల్లుతారు. పక్కన మిరపకాయ బజ్జీ. బొరుగులు మా ఇళ్ళలో చంటిపిల్లల చేతికిచ్చే వస్తువు, దాంతో టిఫినేమిటని నేను మనసులో అనుకుంటూనే రెండు పళ్ళేలు తిన్నాను. బయట హోటల్లో అయితే పళ్ళెం రూపాయట, బజ్జీ విడిగా. బజ్జీ కారానికి సుశీల కళ్ళ వెంట నీళ్ళు కారాయి. గుంటూరు పక్కవాళ్ళు కదా మీరు అని కరుణమ్మ ఎగతాళి చేసింది. మేము మిరపకాయలు అమ్మేవాళ్ళం గానీ ఇట్లా నిలువునా మింగేవాళ్ళం కాదని చెప్పాను.

రాత్రికి జొన్నరొట్టె, పుండుకూర, అంటే మా గోంగూరే. చేత్తో తట్టి పెనం మీద వేసే రొట్టె. తడుతుంటే చప్పుడు రెండిళ్ళ అవతలికి వినిపిస్తుంది, అందువల్ల ఏ ఇంట్లో ఎన్ని రొట్టెలు చేసుకున్నారో వీధికంతా తెలుస్తుందట. ఆ చప్పుడు మధ్యలోనే మేము వచ్చిన పని బయటపెట్టాం. కరుణమ్మ చెయ్యి ఆగిపోయింది. తర్వాత నవ్వడం మొదలుపెట్టింది. ఆమె కూడా చిన్నప్పుడు ఓబులయ్య నాటకానికి స్కూలు గోడ దూకి వెళ్ళిందట. వాళ్ళ నాన్నకు తెలిసి వీపు పగిలిందట. కొట్టింది కృష్ణుడి నాటకమని కాదు, తననూ తీసుకెళ్ళలేదని అంది.

"మా నాయనా, ఓబులయ్యా ఒకే బెంచీ. ఈ స్కూల్లోనే. మా నాయన బతికింటే ఈ యేటికి డెబ్బై ఆరు."

సుశీల చేతిలో రొట్టె ముక్క చేతిలోనే ఉంది. నేను మనసులో తీసివేత చేశాను. ఏదో తప్పు చేశాననుకుని వేళ్ళ మీద మళ్ళీ చేశాను. డెబ్బై ఆరులోంచి ముప్పై పోతే నలభై ఆరు. మేము అన్నం మానేసిన ఆ కుర్ర కృష్ణుడికి అప్పుడు నలభై ఆరేళ్ళు. అంటే అచ్చంగా ఇవాళ్టి మా వయసు. నాకు ఇప్పుడు మోకాళ్ళు నొప్పులు, దగ్గరి చూపు ఆనదు, కుడిచేతి వైపు పైపన్ను ఊగుతోంది. ఈ సరంజామాతోనే ఆయన తెల్లవార్లూ రథం మీద నిలబడి రుక్మిణీదేవిని నమ్మించాడు, మమ్మల్ని కూడా.

మీ నాన్న కంటే పెద్దవాడే ఆ రోజుల్లో అన్నాను సుశీలతో.  ఆమె రెండో రొట్టె అడిగి తీసుకుంది.

అవ్వ అనే పిలుపు

శనివారం ఆళ్ళగడ్డకు బస్సు. కరుణమ్మ రాలేదు. మరునాడు ఆదివారం, చర్చిలో పిల్లల పాటలు ఆమెవే. ఆళ్ళగడ్డలోనే ఉన్న వాళ్ళ చెల్లెలి ఇంట్లో మాకు పడక ఏర్పాటు చేసి పంపింది.

సిరివెళ్ళ దగ్గర బస్సు నిండిపోయింది. నల్లరేగడి చేలు రెండు పక్కలా, తూర్పున నల్లమల ఎప్పుడూ పక్కనే వస్తూ ఉంటుంది. కండక్టరు ఇరవై రెండేళ్ళవాడు, జుట్టు సినిమా హీరోలా చెవుల మీదికి దువ్వుకున్నాడు. సుశీల నిలబడి ఉండడం చూసి ముందు సీట్లో కుర్రాణ్ణి లేపాడు.

"లేయప్పా, అవ్వ నిలబడి పోతాండాది కనపడల్యా?"

సుశీల అవ్వ ఎక్కడుందా అని వెనక్కి తిరిగి చూసింది. వెనక నేనున్నాను. నేనూ వెనక్కి తిరిగి చూశాను. నా వెనక బస్సు అద్దం తప్ప ఏమీ లేదు. సుశీల సీట్లో కూర్చోలేదు. ఆళ్ళగడ్డ దాకా పంతం కొద్దీ నిలబడింది, దిగాక నడవలేకపోయింది.

రాతిపని వీధి

ఆళ్ళగడ్డలో దిగగానే వినిపించేది ఉలి చప్పుడు. రోడ్డు వారనే తాటాకు పందిళ్ళు, వాటి కింద సగం అయిన దేవుళ్ళు. మొండెం దాకా అయిన ఆంజనేయులు, ముక్కు ఇంకా రాని అమ్మవారు, పడుకోబెట్టిన సాయిబాబా. దుమ్ముకి మనుషులూ రాతి రంగులోనే ఉన్నారు. మా వైపు దేవుణ్ణి గుడికి వచ్చాక చూస్తాం. ఇక్కడ దేవుడి ఒళ్ళో టీ గ్లాసు పెట్టుకుని పని చేస్తారు, ఎవరికీ తప్పనిపించదు.

సుశీల నొప్పి తగ్గే వరకు ఒక పందిట్లో కూర్చున్నాం. రాయి చెక్కుతున్న ఆచారి గారిని మాటల్లో పెట్టాను. ఆయన కృష్ణుణ్ణి చేస్తున్నాడు, మూడడుగులది. ఎన్నేళ్ళ కృష్ణుడండీ అని అడిగాను. పదహారు అన్నాడు. దేవుళ్ళందరికీ పదహారేనా అంటే, అందరికీ అంతే, వాళ్ళు బజారుకొచ్చి టీ తాగరు గదమ్మా, తాగితే వయసు తెలుస్తాది అన్నాడు. ఓబులయ్య ఇంటికి దోవ అడిగితే ఉలితోనే చూపించాడు.

గోడ అవతలి గొంతు

ఓబులయ్య ఇల్లు చిన్న మిద్దె. వాకిట్లో మంచం మీద ఒకావిడ వేరుశనక్కాయలు ఒలుస్తోంది. డెబ్బై దగ్గర ఉంటాయి. పేరు నాగమ్మ, ఆయన భార్య. మేము తెనాలి నుంచి వచ్చామనీ, ఆయన అభిమానులమనీ సుశీల సిగ్గుపడుతూ చెప్పింది. నాగమ్మ మమ్మల్ని కింది నుంచి పైకి చూసింది.

"ఈ ముసలోన్ని చూసేకి అంత దూరం నుంచి వచ్చినారా? మీకు ఇంటికాడ పనేం ల్యా?"

ఉంది గానీ వచ్చామని చెప్పాను. ఆమె మంచం మీద చోటిచ్చి, శనక్కాయల చాట మా వైపు జరిపింది. అంటే మర్యాద అయిపోయింది, ఒలవమని. ముగ్గురం ఒలిచాం.

ఆయన పెరట్లో ఉన్నాడట. హార్మనీ వాయించే ఖాసీం సాయిబు ఆయన తలకు రంగు వేస్తున్నాడట. కిరీటం కింద వెంట్రుకలు ఎవరు చూస్తారని నాగమ్మ విసుక్కుంది. రంగు ఆరేదాకా ఆడవాళ్ళ ముందుకు రానని లోపలి నుంచి కబురు వచ్చింది. కబురు కాదు, గొంతే వచ్చింది. పెరటి గోడ దాటి, వంటిల్లు దాటి, మా దగ్గరికి.

"తెనాలోళ్ళా? తెనాల్లో ఒక్క పద్యం మూడుసార్లు పాడించిరి నాతో. ఇప్పుడుగాని అట్లే అడుగుతారా ఆడ?"

నా చేతిలో శనక్కాయ కింద పడింది. అదే గొంతు. కొంచెం జీర పడింది, అంతే. మనిషి కనపడకుండా గొంతు ఒక్కటే వస్తే ఓబులయ్యకు ఇంకా మేమనుకున్న పాతికేళ్ళే. ఇప్పుడు నాటకాలు లేవండీ, వీడియోలు వచ్చాయి అని నిజం చెప్పేశాను.  సుశీల నా తొడ మీద గిల్లింది.

నాగమ్మ గొంతు తగ్గించి చెప్పింది. ఆరేళ్ళ కిందట ఆయన నాటకం మధ్యలో పడిపోయాడట. ఊపిరితిత్తులు చెడ్డాయని నంద్యాల డాక్టరు ఇక పాడొద్దన్నాడట. మానలేదు. ఇప్పుడు ఈ సన్మానం. రేపు ఒకే పద్యం, ఒకేసారి, అదీ కింది రెండో శృతిలో అని సాయిబుతో ప్రమాణం చేయించుకుందట. ఆయన మీద నమ్మకం లేక తానే వచ్చి ముందు వరసలో కూర్చుంటుందట.

మీరు ఎన్నిసార్లు విన్నారో కదా అంది సుశీల, అసూయగానే. నాగమ్మ అడ్డంగా తల ఊపింది.

"యాభై ఆరేండ్లాయ పెండ్లయి. ఒక్క నాటకం చూల్యా. ఇంటి ఆడది నాటకానికొస్తే జనాలు నగుతారనె. మల్లా నేనూ అడగల్యా. ఆ నీలం రంగు పంచెలు ఉతికింది మాత్రం నేనే."

రేపే మొదటిసారి వినడం అన్నమాట. నేను గబగబా ఇంకో దోసెడు ఒలిచాను. చీకటి పడకముందే వచ్చేశాం. రంగు ఇంకా ఆరలేదు.

సన్మానం

సన్మానం సినిమా హాల్లో, పొద్దున పదింటికి. మ్యాట్నీకి హాలు ఖాళీ చేయాలి. తెర ముందు బల్ల, బల్ల మీద పూలదండలు. మొదట ఒక నాయకుడు మాట్లాడాడు. ఓబులయ్య గురించి రెండు ముక్కలు, తాగునీటి పథకం గురించి అరగంట. రెండో ఆయన మొదటి ఆయన గురించి మాట్లాడాడు. శాలువాలు కప్పారు, ఒకటి, రెండు, మూడు. ఓబులయ్య ఇంకా వేషం కట్టుకుంటున్నాడు కాబట్టి శాలువాలన్నీ ఖాళీ కుర్చీకి కప్పారు. నేను నవ్వాపుకోలేక సుశీల భుజంలో మొహం పెట్టుకున్నాను. మా ముందు వరసలో నాగమ్మ, కొత్త చీర, చేతిలో మంచినీళ్ళ సీసా. ఆమె ఒక్కసారి కూడా నవ్వలేదు.

పదకొండున్నరకు కృష్ణుడు వచ్చాడు.

ఉన్నది ఉన్నట్టు రాస్తాను. నీలం రంగు ముడతల్లో ఇంకి చారలు చారలుగా ఉంది. కిరీటం పాతదే, తల చిన్నదైంది. అందుకని లోపల గుడ్డ కుక్కారు, అది చెవి దగ్గర బయటికి వచ్చింది. భుజకీర్తులు మోచేతుల దాకా జారాయి. పొట్ట ఎప్పుడూ ఉండేదేమో, మేమే చూడలేదు. నమస్కారం అన్నప్పుడు కట్టుడు పళ్ళు ఈల వేశాయి. సుశీల కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకుంది. తీసేస్తే ఆమెకు రెండు గజాల అవతల ఏదీ కనపడదు. కావాలనే తీసింది.

ఖాసీం సాయిబు పెట్టె తెరిచాడు. ఆయనా డెబ్బైకి పైబడ్డవాడే. రెండో శృతి పట్టాడు. మా రోజుల్లో అంత కింది శృతిలో ముసలి వేషాలవాళ్ళు కూడా పాడేవాళ్ళు కాదు. ఓబులయ్య ఎత్తుకున్నాడు. మొదటి పాదం బాగానే నడిచింది. రెండో పాదంలో పళ్ళు మళ్ళీ ఈల వేశాయి. మూడో పాదం దగ్గర ఊపిరి కోసం ఆగితే, సాయిబు ఆగినట్టు తెలియకుండా హార్మనీని సాగదీశాడు. చివర రాగం తీయాల్సిన చోట కృష్ణుడు చెయ్యెత్తి నోరు తెరిచి నిలబడ్డాడు. రాగమంతా హార్మనీయే పాడింది.

హాల్లో అందరికీ తెలుసు. ఎవరూ తెలిసినట్టు కనపడలేదు. చప్పట్లు కొట్టారు, చాలాసేపే కొట్టారు. ఆ తర్వాత ఆగిపోయారు. ఎవ్వరూ ఆ మాట అనలేదు.

తెనాలిలో పుట్టిన మనిషికి అది ఎంత కష్టంగా ఉంటుందో చెప్పలేను. పద్యం అయ్యాక ఆ నిశ్శబ్దం నటుడికి చెప్పు దెబ్బ కింద లెక్క. ఆయన ఇంకా చెయ్యి దించలేదు, ఎదురు చూస్తున్నవాడిలా హాలు చివరి దాకా చూస్తున్నాడు. డాక్టరు మాట, నాగమ్మ మాట, నిన్న ఒలిచిన శనక్కాయలతో సహా నాకు అన్నీ గుర్తున్నాయి. గుర్తుండగానే నా నోరు తెరుచుకుంది. ఈసారి మూయడానికి మా అమ్మ లేదు.

"వన్స్ మోర్!"

హాలంతా నా వైపు తిరిగింది. నాగమ్మ కూడా తిరిగింది. ఆ చూపు నేను చచ్చేదాకా మరిచిపోను. సుశీల గబగబా కళ్ళజోడు పెట్టుకుంది. ఎవరో పక్క నుంచి, ఏందమ్మా ఇది, యాడామెవు నువ్వు అని గట్టిగానే అడిగారు. ఖాసీం సాయిబు హార్మనీ మూత టప్పున మూసి, పెట్టె గాలి పట్టడం లేదు, ఇంతటితో చాలు అని లేచాడు. పెట్టెకు ఏ రోగమూ లేదని చిన్నపిల్లలకు కూడా అర్థమైంది.

స్టేజీ మీద ఓబులయ్య కిరీటం సర్దుకున్నాడు.

"ఎవరమ్మా ఆ మాట అన్నది? లెయ్యి."

లేచాను.  ఏ ఊరని అడిగాడు. తెనాలి అన్నాను.

"అనుకుంటి. ఆరేండ్లాయ నేను ఆ మాట ఇనక. ఈ ఊర్లో గాని, ఇంగో ఊర్లో గాని. పద్యం సచ్చిపోయిందనుకుంటి. సెప్పేకి ఎవురికీ నోరు రాల్యా అనుకుంటి."

సాయిబును పెట్టె తెరవమనలేదు. రెండు చేతులూ నోటి దగ్గర పెట్టుకుని కట్టుడు పళ్ళు తీశాడు, పైవీ కిందవీ. వాటిని హార్మనీ మూత మీద పెట్టాడు. ముందు వరసలో పిల్లలు కిసుక్కుమన్నారు. నాకూ నవ్వొచ్చింది, అంతకంటే ముందు ఏడుపొచ్చింది. బుగ్గలు లోపలికి పోయి, గడ్డం ముందుకు వచ్చి, కృష్ణుడు ఒక్కసారిగా ఎవరి ఇంట్లోనైనా ఉండే తాత అయిపోయాడు. అప్పుడు ఎత్తుకున్నాడు. రెండో శృతిలో కాదు. ఐదుకు అందలేదు గానీ దాని దాకా చెయ్యి చాచాడు. పళ్ళు లేని నోట్లో మాటలు సగం నలిగాయి. ఈల మాత్రం లేదు. మూడో పాదంలో గొంతు విరిగింది. ఆగాడు. హార్మనీ లేదు కప్పడానికి. ఆయన రొప్పడం చివరి వరస దాకా వినపడింది. నాగమ్మ సీసా పట్టుకుని లేచి నిలబడింది. ఆయన ఆమె వైపు అరచెయ్యి చూపించి ఆపాడు. నాలుగో పాదం పాడలేదు, చెప్పాడు. మామూలుగా మనిషితో మనిషి చెప్పినట్టు, రాయబారానికి వెళ్ళి పని కాక తిరిగి వచ్చినవాడు చెప్పినట్టు. చివరన రాగం సొంతంగా తీశాడు. మూడు క్షణాలుంటుందేమో. తెనాలిలో నిముషం దాటేది.

తర్వాత ఆయన్ని ఇద్దరు చెరో రెక్కా పట్టుకుని దించాల్సి వచ్చింది. ఖాసీం సాయిబు పళ్ళు రుమాల్లో చుట్టుకుని వెనకే వెళ్ళాడు.

సోమవారం

ఆ సాయంత్రం జ్వరం వచ్చిందని తెలిసింది. రాత్రి నాకు నిద్ర లేదు. ముసలాయన పోతే ఆ పాపం నాది. ఇంట్లో కూడా చెప్పుకోలేని పాపం, ఎందుకంటే ఇంట్లో లెక్క ప్రకారం నేను అహోబిలంలో ఉన్నాను. తెల్లవారగానే వెళ్దామన్నాను. తిడతారేమో అంది సుశీల. తిట్టించుకోవడానికే వెళ్దామన్నాను.

వాకిట్లో మంచం ఎత్తేసి ఉంది. నాగమ్మ మమ్మల్ని చూసి ఏమీ అనకుండా లోపలికి దోవ ఇచ్చింది. ఓబులయ్య నులక మంచం మీద పడుకుని నిద్రపోతున్నాడు. జ్వరం తెల్లవారుజామున దిగిందట. దుప్పటి గడ్డం దాకా ఉంది. చెవుల వెనక నీలం ఇంకా పోలేదు, దిండు మీద తల రంగు నల్లగా అంటుకుంది. పళ్ళు గూట్లో గ్లాసులో ఉన్నాయి. ఈ ముప్పై ఏళ్ళలో మేము ఆయన మొహం రంగు లేకుండా చూడడం అదే మొదలు. చాలా ముసలివాడు. సుశీల కళ్ళజోడు తీయలేదు. దుప్పటి కొస కింద పడి ఉంటే ఎత్తి మంచం మీద వేసింది.

వంటింట్లో నాగమ్మ మాకు టీ ఇచ్చింది. క్షమించమన్నాను. మొన్న చెప్పినవన్నీ విని కూడా అరిచాను, బుద్ధి లేకపోయింది అన్నాను. ఆమె పొయ్యి వైపు తిరిగి, మెల్లగా చెప్పింది. ఆరేళ్ళ కిందట ఆయన పడిపోయిన తర్వాత, ఆయనకు తెలియకుండా ఊళ్ళో ఇంటింటికీ ఆమే వెళ్ళిందట. నాటకం ఉందని తెలిస్తే పక్క ఊళ్ళకూ బస్సెక్కి ముందుగా వెళ్ళేదట. ఆయన పాడితే చప్పట్లు కొట్టండి, ఆ మాట మాత్రం అనొద్దండి అని అందరి గడ్డాలూ పట్టుకుందట. అందరూ మాట నిలబెట్టుకున్నారు. ఆయన మాత్రం తన పద్యం చచ్చిపోయిందని ఆరేళ్ళుగా అనుకుంటున్నాడని ఆమెకు నిన్న స్టేజీ మీద ఆయన చెప్పేదాకా తెలియదు.

నేను చెప్పనిది మీ ఇద్దరికే అంది. ఇక తిట్లు వస్తాయని టీ గ్లాసు గట్టిగా పట్టుకుని తల వంచుకున్నాను. ఆమె నా వైపు తిరిగింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. అది పొయ్యి పొగ వల్ల కాదు.

"నీ మింద నాకు కోపమే, ల్యాదని చెప్పను. మొదటిసారి ఆయప్ప పద్యం అయిపోతానే ఆ మాట నా నోటిదాక వచ్చిండె. నేను అనేలోపల నువ్వంటివి."

అని, నా చేతిలో చల్లారిపోయిన టీ తీసుకుని, మళ్ళీ పొయ్యి మీద పెట్టింది.